మోదుగ పూసే వేళ... సకురా బడిలో!

మన దగ్గర మార్చి అంటే పరీక్షలు. జపాన్‌లో మార్చి అంటే వీడ్కోలు, ఏప్రిల్ అంటే ప్రవేశం. ఆ రెండు క్యాలెండర్ల మధ్య ఇరుక్కుని, పూల కింద తొలి అడుగులు వేసే మన పిల్లల వసంతం ఎలా ఉంటుంది?

ఫాల్గుణం వచ్చిందంటే నల్లమల అంచు ఊళ్లలో మోదుగ చెట్టు ఆకంతా రాల్చేసి ఒళ్లంతా నిప్పుకణికల్లాంటి పూలు పూస్తుంది. అచ్చంపేట మీదుగా శ్రీశైలం వెళ్లినవాళ్లకు ఆ రంగు కొత్తగా చెప్పనక్కర్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల బస్టాండ్లలో ఇంటర్ పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకుని పరుగులు పెడుతుంటారు. మన పిల్లలకు వసంతం పూలతో రాదు, ప్రశ్నపత్రాలతో వస్తుంది.

జపాన్‌లోనూ అదే కాలంలో ఆకు లేని కొమ్మ మీద పూసే చెట్టొకటి ఉంది. అదే సకురా. అక్కడ ఆ పూలు బడి మొదలవడానికి గుర్తు. మార్చిలో పాత విద్యార్థులు సెలవు తీసుకుంటారు, ఏప్రిల్ మొదటి వారంలో కొత్తవాళ్లు చేరతారు. మనం జూన్‌లో తొలకరి చినుకుల్లో గొడుగేసుకుని బడికెళ్లినట్టు, వాళ్లు రాలే పూరేకుల్లో నడుచుకుంటూ కాలేజీకి వెళ్తారు. ఫొటోల్లో చూస్తే ఎంత బాగుంటుందో!

పాలమూరు పల్లెల నుంచి అక్కడికి చదువుకు వెళ్లిన పిల్లలకు మాత్రం ఆ పూల కింద కూర్చునే తీరిక తక్కువ. పూసి రాలే ఆ పది రోజుల్లోనే వాళ్లు కొత్త ఊళ్లో చిరునామా నమోదు చేయించుకోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ల్యాబ్‌లో తమ బల్ల ఎక్కడో తెలుసుకోవాలి, చెత్త ఏ రోజు ఏ సంచిలో వేయాలో నేర్చుకోవాలి. రాత్రి ఫోన్లో అమ్మకు ‘బాగానే ఉన్ననమ్మా’ అని నమ్మేలా చెప్పాలి. అన్నింటికన్నా ఆ చివరిదే కష్టం.

అన్నీ ఒక్క చెట్టు పిల్లలే!

ముందు ఆ పూల సంగతి. జపాన్ నగరాల్లో కనిపించే సకురాల్లో ఎక్కువ భాగం ‘సొమెయ్ యోషినో’ అనే ఒకే రకం. ఇప్పటి టోక్యోలో కలిసిపోయిన సొమెయ్ అనే ఊళ్లో, పంతొమ్మిదో శతాబ్దంలో తోటమాలులు దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. గింజ నాటితే ఇది మళ్లీ అదే రకంగా మొలవదు. అందుకే అంటు కట్టాలి. కొల్లాపూర్ మామిడి తోటల రైతులకు ఈ విద్య వేరే నేర్పనక్కర్లేదు. టెంక నాటితే బేనిషాన్ బేనిషాన్‌లా రాదు, అంటు కడితేనే వస్తుంది. సకురాదీ అదే కథ. దేశమంతా ఉన్న లక్షల సొమెయ్ యోషినో చెట్లు ఒక తల్లి చెట్టు అంటులే. అన్నింటి ఒళ్లూ ఒక్కటే కాబట్టి, ఒకే వెచ్చదనం తగిలిన చోట అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి, ఒకేసారి రాలిపోతాయి.

అది ఎప్పుడన్నది అక్కడ జాతీయ వార్త. టోక్యోలో యసుకుని మందిరం ఆవరణలో ఒక చెట్టును వాతావరణ శాఖ కొలమానంగా పెట్టుకుంది. దాని మీద అయిదారు పూలు విచ్చుకున్నాయని అధికారి చూసి చెబితే ‘పూత మొదలైంది’ అని ప్రకటిస్తారు. ఎనభై శాతం పూస్తే నిండు పూత. ఫిబ్రవరి ఒకటి నుంచి రోజువారీ గరిష్ఠ ఉష్ణోగ్రతలు కూడుతూ పోతే మొత్తం 600 డిగ్రీలకు చేరేసరికి పువ్వు విచ్చుకుంటుందని అక్కడివాళ్లు వేసుకునే ఒక మోటు లెక్క. మార్చి చివర్లో దక్షిణాన క్యుషూలో మొదలైన పూత మెల్లగా ఉత్తరానికి పాకి మే మొదట్లో హొక్కయిదో చేరుతుంది.

ఇందులో తెలుగువాళ్లు మురిసిపోవాల్సిన ముచ్చట ఒకటుంది. టోక్యోలో నిండు పూత 2023లో మార్చి 22న వచ్చింది. ఆ ఏడాది మన ఉగాది కూడా అదే రోజు. 2025లో నిండు పూత మార్చి 30. ఉగాదీ మార్చి 30! పంచాంగకర్తలు కలిపి రాసినా ఇంత చక్కగా కుదరదు. అయితే ప్రతి ఏడూ ఇలా ఉండదు. వేడి పెరుగుతున్నకొద్దీ పూత ముందుకు జరుగుతోంది. టోక్యోలో 2020, 2021, 2023 సంవత్సరాల్లో మార్చి 14కే తొలి పూలు వచ్చేశాయి. క్యోటోలో పూత తేదీల లెక్కలు తొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్నాయి. అక్కడ 2021లో నిండు పూత మార్చి 26కే వచ్చి పన్నెండు వందల ఏళ్ల రికార్డు బద్దలు కొట్టింది. ఏప్రిల్‌లో చేరే విద్యార్థి ఫొటో దిగేసరికి కొమ్మ మీద లేత ఆకులే మిగిలిన సంవత్సరాలు ఎక్కువవుతున్నాయన్నమాట.

ఏప్రిల్ ఒకటి... దేశమంతా కొత్త కోటు

జపాన్ ప్రభుత్వ ఆర్థిక సంవత్సరం 1886 నుంచి ఏప్రిల్‌లో మొదలవుతోంది. బళ్లు దాన్ని అనుసరించాయి. విశ్వవిద్యాలయాలు మాత్రం చాలాకాలం సెప్టెంబరులోనే మొదలయ్యేవి. 1921లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయం ఏప్రిల్‌కు మారింది. ఇప్పుడు కంపెనీల్లో కొత్త ఉద్యోగులు చేరేది కూడా ఏప్రిల్ ఒకటినే. ఆ రోజు రైలెక్కితే నల్లకోట్లు, కొత్త బూట్లు, భయం భయం చూపులు... పెట్టె నిండా కొత్తవాళ్లే!

కాలేజీ ప్రవేశోత్సవాన్ని ‘న్యూగకుషికి’ అంటారు. మన దగ్గర ఫ్రెషర్స్ డే ఉంటుంది కానీ ఇంత గంభీరంగా ఉండదు. పిల్లలు కోట్లు వేసుకుంటారు, తల్లిదండ్రులు ముస్తాబై వస్తారు, గేటు దగ్గర బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగడానికి వరస కడతారు. అమ్మానాన్నలు వెంట లేని విదేశీ విద్యార్థికి అదే మొదటి ముల్లు. గద్వాల చీర పెట్టెలో పెట్టుకెళ్లిన అమ్మాయిలకు అది కట్టుకోవాల్సిన రోజు కూడా అదే. నూలు ఒంటికి పట్టు అంచు కలిపి నేసిన ఆ చీరను చూసి కిమోనోల దేశంవాళ్లు ఆగి పలకరిస్తారు. నేత విలువ వాళ్లకు తెలుసు.

ఉత్సవం అయిపోగానే హాలు బయట మరో సందడి. సంగీతం, కత్తిసాము, టెన్నిస్, కొండలెక్కడం... ప్రతి సంఘం సీనియర్లూ కరపత్రాలు చేతిలో కుక్కుతూ ‘మాలో చేరండి’ అని వెంటపడతారు. సిగ్గుపడి పక్కకు తప్పుకుంటే అంతే సంగతులు. అక్కడ స్నేహాలు తరగతి గదిలో కన్నా ఈ సంఘాల్లోనే ఎక్కువ కుదురుతాయి. ఏప్రిల్‌లో చేరకపోతే తర్వాత అందరూ జట్లు కట్టేసుకుని ఉంటారు. ‘ముందు చదువు చూసుకుందాం, ఆటపాటలు తర్వాత’ అని అలవాటుగా అనుకునే మన పిల్లలు ఇక్కడే పొరపడతారు.

పద్నాలుగు రోజుల గడువు

దిగగానే పెద్ద విమానాశ్రయాల్లో నివాస కార్డు చేతికిస్తారు. ఇల్లు కుదిరిన 14 రోజుల్లోగా మున్సిపల్ ఆఫీసుకెళ్లి చిరునామా రాయించాలి. అక్కడే ఆరోగ్య బీమాలో చేరాలి. చేరితే ఆస్పత్రి ఖర్చులో విద్యార్థి కట్టేది సాధారణంగా 30 శాతమే. ఇంత దాకా బాగానే ఉంది. ఇక గది అద్దె! అడ్వాన్సు ఉంటుంది, అది మనకూ తెలుసు. దాంతోపాటు చాలాచోట్ల ‘రెయ్‌కిన్’ అని ఇంటి యజమానికి కృతజ్ఞతగా ఇచ్చే సొమ్ము ఒకటుంది. అది తిరిగి రాదు. పైగా హామీదారు కావాలి. అందుకే మొదటి ఏడాదికి విశ్వవిద్యాలయం హాస్టల్ దొరికితే కళ్లకద్దుకోవాలి.

చాలామంది ఇళ్లలో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న: ‘అక్కడ ఇంగ్లిషులో చెబుతారా?’ చెబుతారు. 2009లో జపాన్ ప్రభుత్వం ‘గ్లోబల్ 30’ పేరుతో 13 విశ్వవిద్యాలయాలను ఎంపిక చేసి ఇంగ్లిషు కోర్సులు పెంచింది. ఇంజినీరింగ్, సైన్స్ పీజీల్లో ఇప్పుడు అవి చాలానే ఉన్నాయి. కానీ పాఠం ఇంగ్లిషులో ఉన్నంత మాత్రాన మున్సిపల్ ఆఫీసు ఫారం ఇంగ్లిషులో ఉండదు. ఒంట్లో బాగా లేదని మందుల షాపుకెళ్తే అట్టపెట్టె మీద ఒక్క అక్షరమూ అర్థం కాదు. చదువు దగ్గర తల ఎత్తుకుని, బతుకు దగ్గర తల వంచుకోవడం... మొదటి నెలలో చాలామందిని కుంగదీసేది ఇదే.

‘పోయొస్త’ అనే భాష

అయితే ఒక శుభవార్త. జపనీస్ భాష తెలుగువాళ్లకు ఇంగ్లిషు కన్నా దగ్గర! లిపి సంగతి పక్కన పెడితే వాక్యం మన వాక్యంలాగే నడుస్తుంది. ‘వతాషి వా గొహాన్ ఒ తబెమాసు’ అంటే వరసగా ‘నేను అన్నం(ను) తింటాను’. క్రియ చివర్లోనే. ‘టోక్యోకి’ అనడానికి ‘తోక్యో ని’. మనకు ‘కి’, వాళ్లకు ‘ని’. పేరు తర్వాతే తగిలిస్తారు. వెళ్తారు అనడానికి ‘ఇకిమాసు’, వెళ్తారా అనడానికి ‘ఇకిమాసు కా’. మన ‘ఆ’ ఎక్కడుంటుందో వాళ్ల ‘కా’ అక్కడే ఉంటుంది. మనం పేరు వెనక ‘గారు’ పెడితే వాళ్లు ‘సాన్’ పెడతారు.

ఇంకా తమాషా ఏమిటంటే ఇంగ్లిషు మాటల్ని ఇద్దరం ఒకేలా చేస్తాం. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు లేకపోతే మనకు నిద్ర పట్టదు. బస్ మనకు బస్సు, వాళ్లకు బసు. గ్లాస్ మనకు గ్లాసు, వాళ్లకు గురాసు. నోట్ మనకు నోటు, వాళ్లకు నోతో. టెస్ట్ మనకు టెస్టు, వాళ్లకు తెసుతో. ఊళ్లో ఇంగ్లిషు పలికితే నవ్వుతారని బెరుకుపడిన పిల్లలు అక్కడ ‘క్లాసు’ అంటే ‘కురాసు’ అని సంతోషంగా తలూపేవాళ్లు దొరుకుతారు.

అన్నిటికన్నా అందమైనది ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అనే మాట. మనం ‘పోతున్న’ అనం. అది అశుభం. ‘పోయొస్త’ అంటాం. గడప దాటేటప్పుడు జపాన్‌వాళ్లు అనే మాట ‘ఇత్తె కిమాసు’. దాని అర్థం అక్షరాలా ‘వెళ్లి వస్తాను’. ఇంట్లో ఉన్నవాళ్లు ‘ఇత్తె రాశ్శాయ్’ అంటారు. ‘వెళ్లి రా’ అని. తిరిగొచ్చి ‘తదాయిమా’ అంటే ‘ఇదిగో వచ్చా’ అని, దానికి బదులు ‘ఒకాయెరి’. హాస్టల్ కాపలా పెద్దమ్మ పొద్దున్నే ‘ఇత్తె రాశ్శాయ్’ అంటే, అర్థం తెలిసిన రోజున పాలమూరు పిల్లకు గొంతు పట్టుకుపోతుంది. అర్థం తెలియని రోజుల్లో అది వట్టి శబ్దం.

అదొక్కటే కాదు. సుఖంగా మొదలైన వ్యాకరణం తర్వాత కంజీల దగ్గర నడుం విరగ్గొడుతుంది. రోజువారీ వాడకానికి ప్రభుత్వం జాబితా వేసినవే 2,136. మన అక్షరమాలలా నేర్చుకుంటే వచ్చేసేవి కావు. బడిపిల్లలకే తొమ్మిదేళ్లు పడుతుంది.

ఈ మధ్య మరో తలుపు కూడా తెరుచుకుంది. 2022 అక్టోబరులో ‘ఆర్ఆర్ఆర్’ అక్కడ విడుదలై నెలల తరబడి ఆడింది. అంతకుముందే ‘బాహుబలి’కి థియేటర్లో కేకలు వేస్తూ చూసే అభిమానులు పోగయ్యారు. ‘ఇండియాలో ఎక్కడ?’ అని అడిగిన తోటి విద్యార్థికి ‘తెలుగు’ అని చెబితే ఇప్పుడు కొందరికి వెలుగుతుంది. ఆ వెంటనే నాటు నాటు స్టెప్పు వేసి చూపించమంటారు, అది వేరే విషయం!

ఆవకాయ సరే, చికెన్ పచ్చడి వద్దు

పెట్టె సర్దేటప్పుడు అమ్మల ప్రేమకు హద్దుండదు. కానీ జపాన్ కస్టమ్స్‌కు ఉంది. మాంసం, మాంసంతో చేసిన పదార్థాలు అనుమతి పత్రాలు లేకుండా తీసుకెళ్లకూడదు. 2019 నుంచి మరీ కఠినం. ఎంత ప్రేమగా పెట్టినా చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. తాజా మామిడికాయా వద్దు. పండు ఈగ భయంతో జపాన్ భారత మామిడిని ఇరవై ఏళ్లు ఆపేసింది. 2006లో ఆవిరి శుద్ధి చేసిన ఆరు రకాలకు తలుపు తెరిచింది. అందులో మన బంగినపల్లి కూడా ఉంది. అలా శుద్ధి కాకుండా కొల్లాపూర్ నుంచి సూట్‌కేసులో వచ్చే కాయకు ఆ తలుపు తెరుచుకోదు.

అన్నం దొరకని దేశం కాదు. దొరికే అన్నం మాత్రం ముద్దలా అంటుకుంటుంది. సన్నబియ్యానికి అలవాటుపడ్డ నాలుకకు మొదటి వారం విసుగు, మూడో నెలకు ఇష్టం. శాకాహారులకు అసలు చిక్కు కంటికి కనిపించనిదానితో. కూరగాయల సూప్ అనుకున్నది కూడా ఎండుచేప ముక్కలు మరిగించిన ‘దాషి’తో చేసి ఉంటుంది. కాబట్టి ‘మాంసం ఉందా’ అని అడిగితే సరిపోదు. ‘చేప రసం ఉందా’ అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న జపనీస్‌లో బట్టీ పట్టి వెళ్లడం మేలు.

టోక్యోలో ఎడొగావా వార్డులోని నిషికసాయి ప్రాంతానికి 2000 ప్రాంతంలో కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన భారతీయులు చేరారు. కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి అక్కడి కొట్లలో దొరుకుతాయి. జొన్నపిండి కనిపించిన రోజు పండగే. టోక్యో తెలుగు సంఘాలు ఉగాది చేస్తే దూరం ఊళ్ల విద్యార్థులు కూడా రైళ్లెక్కి వస్తారు. పచ్చడికి వేపపూత ఎక్కడిదంటారా? ఊరి నుంచి ఎండబెట్టి తెచ్చుకున్నదే.

మే నెల జబ్బు

ఇంత హడావుడి మధ్య దుఃఖానికి టైముండదు. అది మేలో వస్తుంది. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా వరస సెలవులు, ‘గోల్డెన్ వీక్’ అంటారు. తోటివాళ్లంతా సొంతూళ్లకు వెళ్లిపోతారు. హాస్టల్ ఖాళీ. బయట ఆకులు పచ్చగా, ఎండ హాయిగా ఉంటుంది. గదిలో ఉన్న పిల్లవాడికి మాత్రం మంచం దిగబుద్ధి కాదు. సెలవులు అయిపోయినా తరగతికి వెళ్లబుద్ధి కాదు. ఇది విదేశీయులకే వచ్చేది కాదు, జపాన్ పిల్లలకూ కొత్త ఉద్యోగులకూ వస్తుంది. దానికి పేరే పెట్టుకున్నారు, ‘గొగాత్సు బ్యో’ అని. అంటే మే నెల జబ్బు. పేరున్న జబ్బంటే సగం ధైర్యం. విశ్వవిద్యాలయాల్లో సలహా కేంద్రాలుంటాయి, వెళ్లడం తప్పు కాదు. ఈ సంగతి ఇక్కడి తల్లిదండ్రులకు తెలియడం ఇంకా ముఖ్యం. ‘అంత ఖర్చుపెట్టి పంపితే ఏడుస్తవేంది’ అన్న ఒక్క మాట చాలు, ఆ పిల్లవాడు మళ్లీ నోరు విప్పడు.

ఒంటికీ ఇబ్బంది ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత కలప కోసం కొండలన్నీ ‘సుగి’ చెట్లతో నింపారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వాటి పుప్పొడి గాలిలో ఎగురుతుంది. జపాన్‌లో పదిమందిలో దాదాపు నలుగురికి దాంతో తుమ్ములు, కళ్ల మంట. వెళ్లిన ఏడాదే రాకపోవచ్చు. రెండో మూడో వసంతానికి మనవాళ్లూ మాస్కు తగిలిస్తారు.

ఇక భూకంపం. నాగర్‌కర్నూల్ ఇళ్లలో జపాన్ పేరెత్తితే మొదట గుర్తొచ్చేది అదే. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2.46కు వచ్చిన 9 తీవ్రత భూకంపం, ఆ వెనకే సునామీ 18 వేల మందికి పైగా పొట్టన పెట్టుకున్నాయి. సెండయ్‌లోని తొహొకు విశ్వవిద్యాలయం ఆ ఏడాది తరగతుల్ని మే నెలకు వాయిదా వేసుకుంది. ఇళ్ల నుంచి వచ్చిన ఫోన్ల ఒత్తిడికి ఎందరో విదేశీ విద్యార్థులు తిరుగుముఖం పట్టారు. భయం న్యాయమే. కానీ అక్కడ ప్రతి విద్యార్థికీ మొదటి నెలలోనే నేర్పేది బల్ల కింద ఎలా దూరాలో, ఏ మైదానానికి పరిగెత్తాలో. ఫోన్లో హెచ్చరిక మోగగానే గ్యాస్ కట్టేయడం రెండో ఏటికి అలవాటైపోతుంది.

తెల్లవారుజామున 5.20కి పాఠం

అసలు పువ్వే చూడకుండా గడిచిన వసంతాలూ ఉన్నాయి. 2020లో కరోనాతో జపాన్ సరిహద్దులు మూసుకుంది. మధ్యలో కొద్దికాలం తెరిచినా, కొత్త విదేశీ విద్యార్థులను పెద్ద సంఖ్యలో రానిచ్చింది 2022 మార్చి నుంచే. సీటు వచ్చినవాళ్లు ఇంట్లోనే కూర్చుని ఆన్‌లైన్‌లో చదివారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ 8.50కి మొదటి పీరియడ్ అంటే ఇక్కడ తెల్లవారుజామున 5.20. పల్లెల్లో కోడి కూసే వేళకు సిగ్నల్ వెతుక్కుంటూ మేడ మీద కూర్చుని ‘ఒహయో గొజాయిమాసు’ చెప్పాలి. ల్యాబ్‌లో చేయాల్సిన ప్రయోగాన్ని తెర మీద చూడాలి. ఆ రెండేళ్లలో విసిగి వేరే దేశం దారి పట్టినవాళ్లను తప్పుపట్టలేం.

హైదరాబాదు దారి పాతదే

జపాన్ చదువు మీద ఈ ప్రాంతపు ఆసక్తి నిన్నటిది కాదు. నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న సర్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి, అక్కడి చదువుల తీరు మీద పెద్ద నివేదిక తయారుచేశారు. 1923లో అది పుస్తకంగా వచ్చింది. మాతృభాషలో చదువు చెప్పి కూడా ఒక దేశం ఫ్యాక్టరీలు, ఓడలు కట్టగలిగిందన్నది హైదరాబాదుకు అప్పట్లో ఎంతో అవసరమైన కబురు. ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా మొదలై అప్పటికి నాలుగేళ్లే. ఆ సంస్థానంలో నాగర్‌కర్నూల్ బడుల్లో తెలుగు పిల్లలకు ఉర్దూ మాతృభాష కాదన్నది నివేదికకు అందని సంగతి.

ఇప్పటి దారి సంగారెడ్డి జిల్లా కంది మీదుగా వెళ్తుంది. 2008లో మొదలైన ఐఐటీ హైదరాబాద్‌కు జపాన్ సాయం చేసింది. క్యాంపస్ నిర్మాణానికి జైకా రుణం ఇచ్చింది. అదే జైకా 2012 నుంచి ‘ఫ్రెండ్‌షిప్’ అనే పథకం కింద ఇక్కడి పట్టభద్రులను జపాన్ విశ్వవిద్యాలయాలకు పీజీ, పరిశోధనలకు పంపింది. బడిపిల్లలకు జపాన్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఏజెన్సీ 2014లో మొదలుపెట్టిన ‘సకురా సైన్స్’ ఉంది. వారం పాటు ల్యాబ్‌లు చూపించి తీసుకొస్తుంది. ఇన్‌స్పైర్ మనక్ పోటీల్లో గెలిచిన సర్కారు బడి పిల్లలు దీని కింద వెళ్లొచ్చారు. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి హోదాలో జపాన్‌లో పర్యటించిన రేవంత్‌రెడ్డి సొంతూరు కొండారెడ్డిపల్లి కూడా నాగర్‌కర్నూల్ జిల్లాదే. ఆ పర్యటన తర్వాత జిల్లాలో జపాన్ మాట కాస్త ఎక్కువగా వినిపిస్తోంది. మాటతోపాటు ఏజెంట్లూ వస్తారు. అక్కడే జాగ్రత్త పడాలి.

అప్పు చేసి వెళ్లాలా?

పాలమూరుకు వలస కొత్త కాదు. పంట ఇంటికొచ్చాక ముంబయి బస్సెక్కడం, ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి మోయడం తాతల నాటి నుంచీ ఉన్నదే. అప్పుడు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లేవారు. వెళ్లాక ఆ అడ్వాన్సు తీరేది కాదు. జపాన్‌కు భాషా పాఠశాల వీసా మీద అప్పు చేసి వెళ్లే పద్ధతిలో అదే నీడ ఉంది. పేరుకు చదువు. ఏడాది ఫీజే సాధారణంగా 7 లక్షల యెన్‌లు దాటుతుంది. అద్దె, తిండి వేరే. పనిచేసి తీరుద్దామంటే విద్యార్థి వారానికి 28 గంటలకు మించి పని చేయకూడదు, అదీ అనుమతి తీసుకున్నాకే. గీత దాటితే వీసా పొడిగించరు. ‘నెలకు రెండు లక్షలు సంపాదించొచ్చు’ అని చెప్పే ఏజెంటు ఈ 28 గంటల మాట మాత్రం చెప్పడు.

పొరుగునున్న నేపాల్‌ను చూస్తే లెక్క తెలుస్తుంది. 2023లో జపాన్‌లో ఉన్న విదేశీ విద్యార్థులు 2 లక్షల 79 వేల మంది. అందులో నేపాలీలు 37 వేలకు పైనే, భారతీయులు పదిహేను వందల చిల్లర. అంటే మనవాళ్లకు ముందు నడిచిన అన్నలు, అక్కలు చాలా తక్కువ. మోసం జరిగితే చెప్పుకునేందుకు పక్కింటివాళ్లుండరు.

అలాగని దారి లేదని కాదు. జపాన్ ప్రభుత్వం 1954 నుంచి ఇస్తున్న ‘మెక్స్‌ట్’ స్కాలర్‌షిప్‌కు ఏజెంటు అక్కర్లేదు. విమాన టికెట్టు, ఫీజు వాళ్లవే. నెల ఖర్చుకు డిగ్రీ విద్యార్థికి 1,17,000 యెన్‌లు, పరిశోధన విద్యార్థికి 1,43,000 యెన్‌ల చొప్పున ఇటీవలి సంవత్సరాల్లో ఇస్తున్నారు. యెన్‌కు యాభై అయిదు పైసలు వేసుకున్నా మొదటిది 64 వేల రూపాయలు. సొంత డబ్బుతో చేరినా జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక ఫీజు ఏడాదికి 5,35,800 యెన్‌లు, అంటే మూడు లక్షల రూపాయల చుట్టుపక్కల. అమెరికాతో పోలిస్తే ఇది ఎంత తక్కువో వేరే చెప్పాలా? తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు పీజీ కోసం ఇచ్చే 20 లక్షల రూపాయల విదేశీ విద్యా సాయానికి అర్హమైన దేశాల్లో జపాన్ కూడా ఉంది.

మెక్స్‌ట్‌లో ఒక్కటే ఇబ్బంది, ఓపిక. ఇంటర్ అయిన పిల్లవాడు డిగ్రీ కోసం వేసవిలో దరఖాస్తు పెడితే, లెక్కలు, సైన్సు, ఇంగ్లిషు పరీక్షలు రాసి, ఇంటర్వ్యూ గట్టెక్కి విమానమెక్కేది మరుసటి ఏప్రిల్‌లో. వెళ్లాక మొదటి ఏడాదంతా భాషే నేర్పుతారు. ఇక్కడ అతనితో చదివినవాళ్లు ఇంజినీరింగ్ రెండో ఏడు ముగిస్తుంటే అతను అక్కడ మొదటి ఏడు మొదలుపెడతాడు. ‘రెండేళ్లు వేస్టు’ అని చుట్టాలు అనడం ఖాయం. ఎప్‌సెట్ ర్యాంకు ఒక్క నెలలో చేతికొచ్చే చోట ఏడాది ఆగడం చిన్న విషయం కాదు. ఇంట్లో కూర్చుని నిదానంగా మాట్లాడుకుని తేల్చుకోవాల్సిన సంగతే.

తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చూసేది చెన్నైలోని జపాన్ కాన్సులేట్. ప్రకటన ఏటా ఏప్రిల్, మే ప్రాంతాల్లో వస్తుంది. రాత పరీక్షలో జపనీస్ పేపరూ ఉంటుంది. అందులో కొన్ని మార్కులొచ్చినా ఆసక్తి ఉందని లెక్క. హైదరాబాదులో ఇఫ్లూ ఈ భాష నేర్పుతుంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు ముందుగా హిరగానా పట్టుకోవచ్చు. ఉన్నవి 46 అక్షరాలే, పైగా మొదట వచ్చేవి అ, ఇ, ఉ, ఎ, ఒ. ఇంటర్ పరీక్షలు ముగిసి ఫలితాలు వచ్చేలోగా ఉండే ఖాళీలో, పొద్దునపూట గంట చొప్పున కూర్చుంటే రెండు వారాల పని.